స్విఫ్ట్ యాక్సిల్ సెల్లార్‌లో మార్చుకోవడం: ముందు శబ్దం వినండి, తర్వాత పానా పట్టండి

తమ్ముడూ, నీ ప్రశ్న ఇదీ: 2014 స్విఫ్ట్ పెట్రోల్, 96,000 కిలోమీటర్లు తిరిగింది. తార్నాక దగ్గర మెట్రో కింద యూటర్న్ తీసుకుంటుంటే ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం వస్తోంది, నేరుగా పోతే ఏమీ లేదు. చూపిస్తే మెకానిక్ "రెండు దిక్కులా షాఫ్టులు పోయినయ్, స్టీరింగ్ ర్యాక్ కూడా మార్చాలె" అన్నాడు (ర్యాక్ అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే భాగం). హబ్సిగూడలో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక ఆదివారం కూర్చుని నేనే మార్చుకోగలనా అని అడిగావు.

మార్చుకోగలవు. కుర్రతనంలో ఉప్పల్‌లో ఒక షెడ్డులో ఈ పని నేర్చుకున్నాను, అప్పటి నుంచి ఇంట్లోవాళ్ల కార్లన్నీ నా చేతుల మీదే నడుస్తున్నాయి. షాఫ్ట్ మార్చడం ఇంజిన్ విప్పడమంత పెద్ద పని కాదు. కానీ నువ్వు చెప్పినదాన్ని బట్టి నీకు రెండు షాఫ్టులూ అవసరం ఉన్నట్టు లేదు, ర్యాక్ అవసరం అసలే లేదు. బహుశా పూర్తి షాఫ్ట్ కూడా అక్కర్లేదు. అందుకే మార్చడం కంటే ముందు కనిపెట్టడం గురించి ఎక్కువ చెప్తాను. డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే.

షాఫ్ట్ అన్నా యాక్సిల్ అన్నా ఇక్కడ ఒకటే: గేర్ బాక్స్ నుంచి ముందు చక్రానికి ఇంజిన్ బలం చేర్చే ఒక ఉక్కు కడ్డీ, దాని రెండు చివర్లా రెండు కీళ్లు. చక్రం వైపు దాన్ని మన షాపుల్లో వీల్ సైడ్ జాయింట్ అంటారు, గేర్ బాక్స్ వైపు దాన్ని డిఫ్ సైడ్ జాయింట్ అంటారు (డిఫ్ అంటే డిఫరెన్షియల్, గేర్ బాక్స్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లు). వీల్ సైడ్ జాయింట్ ఒక ఉక్కు గిన్నెలా ఉంటుంది. అందులో ఆరు గోళీలు, ఆ గోళీలను పట్టి ఉంచే ఒక పంజరం, గోళీలు జారడానికి గాళ్లు. అంబాసిడర్, పద్మిని కాలంలో వెనక చక్రాలు తిరిగేవి కాబట్టి పొడుగు షాఫ్ట్ మీద ఉన్న క్రాస్ జాయింటుతో సరిపోయేది. ఆ క్రాస్‌ను బాగా వంచి తిప్పితే ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. స్టీరింగ్ తిరిగే చక్రానికి అది పనికిరాదు, కారంతా కుదుపే. ఎంత వంచినా ఇటు ఎంత వేగమో అటూ అంతే వేగం ఇచ్చే ఈ గోళీల జాయింటును ఆల్‌ఫ్రెడ్ రెజెప్పా అనే ఇంజనీరు 1920ల్లో తయారుచేశాడు. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఇది ఇంటింటికీ చేరింది.

ఈ గోళీలు, గాళ్లు గట్టి ఉక్కు. గ్రీజు ఉన్నంతకాలం సులభంగా అరగవు. ముందుగా పోయేది వాటి మీద తొడిగిన రబ్బరు బూట్. అది మడతల దగ్గర చిట్లుతుంది, చక్రం తిరిగే వేగానికి లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఖాళీ అయిన చోటికి మన రోడ్ల దుమ్ము, వానాకాలం నిలిచిన నీళ్లు చేరతాయి. దుమ్ము, నీళ్లు, మిగిలిన గ్రీజు కలిసి సాన పట్టే ముద్దలా తయారై గాళ్లను తినేస్తాయి. ఎప్పుడూ గోళీ ఉండే చోట చిన్న గుంట పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇంజిన్ బలం పెట్టినప్పుడు గోళీ ఆ గుంట అంచు ఎక్కి దిగుతుంది. నీకు వినిపించే టక్ అదే. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు అది చాలాసార్లు జరుగుతుంది కాబట్టి టకటకటక అని వరసగా వస్తుంది, వేగం పెంచితే దగ్గర దగ్గరగా వస్తుంది.

ఇప్పుడు ఏ వైపో తేల్చుకోవాలి. మనం రోడ్డుకు ఎడమన నడుపుతాం కాబట్టి మన యూటర్నులన్నీ కుడికే. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎక్కువగా ఎడమ చక్రం మీద పడుతుంది, శబ్దం సాధారణంగా ఆ బయటి చక్రం జాయింటుది. హైదరాబాద్‌లో సిగ్నళ్లు తీసేసి ఎక్కడికక్కడ యూటర్నులు పెట్టాక ఎడమ జాయింటు మీద భారం పెరిగిందని నా నమ్మకం. అంచేత నా అనుమానం నీ ఎడమ వీల్ సైడ్ జాయింట్ మీద ఉంది. అయితే అనుమానం మీద సామాను కొనొద్దు.

పొద్దున్నే ఖాళీగా ఉన్న మైదానంలోకి కారు తీసుకెళ్లు. అద్దాలన్నీ దించు, ఏసీ, పాటలు ఆపు. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, మొదటి గేర్లో కాస్త బలంగా యాక్సిలరేటర్ ఇస్తూ రెండు చుట్లు తిప్పు. తర్వాత ఎడమకు. తర్వాత రివర్సులో రెండు వైపులా. బయట ఒకరు పక్కన నడుస్తూ వింటే ఇంకా మంచిది, లోపల కూర్చున్న మనకు శబ్దం ఎక్కడిదో మోసం చేస్తుంది. కుడి చుట్టులో ఎడమ చక్రం దగ్గర టకటక వస్తే, ఎడమ చుట్టులో ఏమీ లేకపోతే ఎడమ జాయింటే. రెండు వైపులా వస్తే రెండూ చూడాలి.

ఇంటికొచ్చాక చక్రం లోపలి వైపు టార్చి వేసి చూడు. బూట్ చిరిగి ఉంటే రిమ్ము లోపలి అంచు మీద, షాక్ అబ్జార్బర్ కింది భాగం మీద నల్లటి గ్రీజు చారలా పూసి ఉంటుంది. బూట్ పైకి బాగున్నట్టే కనిపించొచ్చు, మోసపోవద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మడతలను వేళ్లతో ఒక్కొక్కటీ విడదీసి చూడు. చిరుగు ఎప్పుడూ మడత లోయలో దాక్కుని ఉంటుంది, ఎక్కువసార్లు చక్రం వైపు పెద్ద మడత దగ్గర. తర్వాత కడ్డీని చేత్తో పట్టుకుని వీల్ సైడ్ జాయింటు దగ్గర పైకీ కిందికీ కదిలించు. అక్కడ లొడలొడ తెలిస్తే అది అరిగినట్టే. డిఫ్ సైడ్ జాయింటు మాత్రం లోపలికీ బయటికీ కాస్త జారుతుంది. అది దాని పనే, సస్పెన్షన్ కిందికీ మీదికీ ఆడినప్పుడు షాఫ్ట్ పొడవు సర్దుకునేది అక్కడే. ఆ జారుడు చూపించి "షాఫ్ట్ పోయింది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

షాఫ్ట్ శబ్దం కానివాటినీ గుర్తుపట్టు. వేగంతో పాటు పెరిగే ఊఁ అనే మోత, బండి కాస్త పక్కకు వంచితే మారేది, వీల్ బేరింగుది. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే ఒక్కసారి టక్ మనడం షాక్ అబ్జార్బర్ పైన ఉండే మౌంటుది. స్పీడ్ బ్రేకర్ మీద, గుంతల్లో టక్కుమంటే లింక్ రాడ్డో బాల్ జాయింటో. నేరుగా వెళ్తూ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కారంతా వణికి, వదిలేస్తే తగ్గిపోతే డిఫ్ సైడ్ జాయింటు. ర్యాక్ అరిగితే స్టీరింగులోనే లూజు తెలుస్తుంది, గుంతల్లో చేతికి తగులుతుంది. యూటర్న్‌లో మాత్రమే వచ్చే టకటకకు ర్యాక్‌తో సంబంధం లేదు.

ఇక ఏం కొనాలో. బూట్ మాత్రమే చిరిగి ఇంకా శబ్దం మొదలవకపోతే బూట్ కిట్ చాలు, వందల్లో అయిపోతుంది. జాయింటు విప్పి, పెట్రోలుతో కాకుండా కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కిట్‌లో వచ్చిన గ్రీజు ప్యాకెట్టంతా నింపాలి. ఆ గ్రీజు మాలిబ్డినం కలిపిన నల్లటి గ్రీజు. ఇంట్లో ఉన్న పసుపు చాసిస్ గ్రీజు దీనికి పనికిరాదు. నీకు శబ్దం మొదలైంది కాబట్టి కొత్త గ్రీజుతో అది పోదు, గుంటలు పడిన ఉక్కు మళ్లీ పూడదు. వీల్ సైడ్ జాయింటు ఒక్కటే కొని పాత కడ్డీకి వేసుకోవచ్చు, లేదా పూర్తి షాఫ్ట్ తెచ్చుకోవచ్చు.

నా సలహా అడిగితే, డిఫ్ సైడ్ బాగున్నప్పుడు కంపెనీ కడ్డీని వదులుకోవద్దు. మంచి రకం వీల్ సైడ్ జాయింటు ఒక్కటే తెచ్చి బిగించు. చవగ్గా దొరికే పేరులేని పూర్తి షాఫ్టుల్లో డిఫ్ సైడ్ జాయింటు నాసిరకంగా ఉండి, కొత్తది వేసిన వారానికే వేగం 80 కిలోమీటర్లు దాటితే వణుకు మొదలైన కార్లు చూశాను. శబ్దం పోయి వణుకు వస్తే ఏం లాభం? పూర్తి షాఫ్టే కావాలనుకుంటే కంపెనీ సామానే కొను. పుత్లీబౌలిలో ఆటో స్పేర్ల దుకాణాలున్నాయి, పనిముట్లకు రాణిగంజ్. ఏది కొన్నా బండి ఛాసిస్ నంబర్ చెప్పి కొను. కౌంటర్ మీదే పాత షాఫ్ట్ ఫోటోతో చివర ఉండే పళ్ల సంఖ్య, పొడవు, ఏబీఎస్ ఉన్న కారైతే దానికి సంబంధించిన రింగు ఉందో లేదో పోల్చి చూసుకో. దాంతో పాటు కొత్త యాక్సిల్ నట్టు, గేర్ బాక్స్ ఆయిల్ సీల్, డిఫ్ సైడ్ చివర పట్టుకునే లాక్ రింగు, డ్రెయిన్ ప్లగ్ (గేర్ ఆయిల్ వదిలే కింది మూత) వాషరు తప్పకుండా తీసుకో. ఈ నాలుగూ కలిపినా పెద్ద ఖర్చు కాదు, ఒక్కటి లేకపోయినా పని మధ్యలో ఆగుతుంది. అందుకే ఆదివారం కాకుండా శనివారం పొద్దున మొదలుపెట్టు. ఏదైనా తక్కువ పడితే ఆదివారం ఈ బజార్లలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

పనిముట్లలో నీ దగ్గర లేనివి బహుశా మూడు: యాక్సిల్ నట్టుకు సరిపడే లోతు సాకెట్, హాఫ్ ఇంచ్ బ్రేకర్ బార్ (సాకెట్‌కు తగిలించే పొడుగు పిడి), బిగింపు బలాన్ని (టార్క్) 250 న్యూటన్ మీటర్ల దాకా కొలిచే టార్క్ రెంచ్. నట్టు సైజు ఊహించకు. చక్రం మధ్య మూత తీసి వెర్నియర్‌తో కొలువు, చిన్న కార్లలో 30 గానీ 32 గానీ మిల్లీమీటర్లు ఉండటం చూశాను. మిగతాది మామూలే, 14, 17, 19 పానాలు, రెండు బలమైన టైరు లీవర్లు, ఉలి, రాగి లేదా ఇత్తడి ముక్క, సుత్తి, ఆయిల్ పట్టే ట్రే.

జాకీ స్టాండ్ల గురించి ఒక మాట, దీన్ని పక్కన పెట్టొద్దు. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టి కింద దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చకూడదు, అవి చెప్పకుండా పగులుతాయి. గట్టి స్టాండు మీద, మాన్యువల్ చూపిన చోటే నిలబెట్టు. విప్పిన చక్రాన్ని కారు తలుపుల కింది అంచు కింద పడుకోబెట్టు, ఏదైనా తేడా వస్తే కారు దాని మీద ఆగుతుంది. ఇంకోటి, సెల్లార్ నేల చదునుగా కనిపించినా నీళ్లు పోయే జాలీ వైపు వాలు ఉంటుంది. షాఫ్ట్ బయటికి వచ్చాక గేర్లో పెట్టినా కారు ఆగదు, డిఫరెన్షియల్ ఆ వైపు ఊరికే తిరిగిపోతుంది. అప్పుడు నీ కారును పట్టుకునేది హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు పెట్టిన చెక్కలు మాత్రమే. రెండు చక్రాలకూ ముందూ వెనకా చెక్కలు పెట్టు.

కారు నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు లూజు చెయ్యాలి. మారుతిలో ఈ నట్టు అంచును షాఫ్ట్ మీద ఉన్న గాడిలోకి గుద్ది ఉంచుతారు, తిరిగిపోకుండా. ముందు సన్నటి ఉలితో ఆ నొక్కును పూర్తిగా పైకి ఎత్తు. ఎత్తకుండా తిప్పితే షాఫ్ట్ మరలు లేచిపోతాయి. ఇంట్లో ఒకరిని బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని చెప్పి, బ్రేకర్ బార్‌కు మూడడుగుల పైపు తొడిగి తిప్పు. ఒక్క కుదుపులో టంగ్ మని వదులుతుంది. పూర్తిగా తియ్యకు, లూజు చేసి ఆపు.

ఇప్పుడు కారు ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం తీసెయ్. గేర్ ఆయిల్ వదలాలి. డ్రెయిన్ ప్లగ్ ముట్టుకునే ముందు పైన ఉన్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే మూత) విప్పు, ముందు అదే. అది తుప్పుపట్టి రాలేదనుకో, కింది ప్లగ్ తీసేశాక ఆయిల్ లేని గేర్ బాక్సుతో కూర్చుంటావు. మారుతి చిన్న కార్ల మాన్యువల్ గేర్ బాక్సులకు రెండు నుంచి రెండున్నర లీటర్లు పడుతుంది, మూడు తెచ్చుకో. పాత ఆయిల్ కాలువలో పొయ్యకు, డబ్బాలో పట్టి ఆయిల్ మార్చే షాపులో ఇచ్చెయ్.

టైరాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర) నట్టుకున్న పిన్ను తీసి నట్టు విప్పు. ఇరుక్కుపోయిన టైరాడ్‌ను వదిలించడానికి కొందరు ఫోర్కులాంటి పనిముట్టు దూర్చి కొడతారు, దాని రబ్బరు చిరుగుతుంది. నట్టును చివరి దాకా తెచ్చి ఉంచి, నకిల్ (చక్రం, దాని బేరింగును పట్టి ఉంచే ఇనుప దిమ్మ) మీద టైరాడ్ దూరే కన్నుకు పక్క నుంచి సుత్తితో రెండు గట్టి దెబ్బలు వెయ్యి, ఊడిపడుతుంది. ఏబీఎస్ వైరు క్లిప్పులోంచి తీసి పక్కన పెట్టు, లాగితే తెగుతుంది. తర్వాత లోయర్ ఆర్మ్ (నకిల్‌ను కింది నుంచి కారుకు పట్టి ఉంచే చెయ్యి) చివరి బాల్ జాయింటును నకిల్‌లో బిగించి ఉంచే బోల్టు. దీన్ని లూజు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి, ఎందుకంటే బాల్ జాయింటు కాడ మీద ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే పోతుంది. లూజు చేసి ఆర్మ్ మీద ఎంత నొక్కినా రాదు, చాలామంది ఇక్కడే గంట పోగొట్టుకుంటారు. బోల్టు తీశాక నకిల్ చీలికలో ఉలి కొన కొంచెం పెట్టి తెరిచి, ఆర్మ్‌ను పొడుగు రాడ్డుతో కిందికి నొక్కితే కాడ జారి వచ్చేస్తుంది. షాక్ అబ్జార్బర్ రెండు బోల్టులు విప్పే పద్ధతి కూడా ఉంది, సులువే. కానీ చక్రం కోణం మారిపోయే అవకాశం ఉంది కాబట్టి నాకు నచ్చదు.

ఇప్పుడు నట్టును షాఫ్ట్ చివరతో సమంగా ఉండేదాకా మళ్లీ తిప్పి ఉంచి, దాని మీద రాగి ముక్క పెట్టి సుత్తితో కొట్టు. ఉత్త షాఫ్ట్ మీద ఇనుప సుత్తితో కొడితే కొన పుట్టగొడుగులా విచ్చుకుని నట్టు ఎక్కదు. పళ్లు కదిలాక నట్టు తీసి, నకిల్‌ను బయటికి తిప్పుతూ షాఫ్ట్‌ను లోపలికి జారవిడు. బ్రేకు పైపు సాగకుండా ఒక కన్ను దాని మీదే ఉంచు. షాఫ్ట్‌ను గాల్లో వేలాడదియ్యకు, తాడుతో కట్టు.

గేర్ బాక్స్ వైపు తియ్యడం ఈ పనిలో నాజూకైన చోటు. కడ్డీ పట్టుకుని లాగితే డిఫ్ సైడ్ గిన్నె లోపలే ఉండిపోయి, దాని మూడు రోలర్లు మాత్రం ఊడి బూట్‌లో పడతాయి. లాగకు. గిన్నెకూ గేర్ బాక్స్ ఒంటికీ మధ్య రెండు లీవర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకేసారి చిన్నగా నొక్కు. లోపలి లాక్ రింగు గాడి దాటగానే ఫట్ మని అర అంగుళం బయటికి వస్తుంది. అక్కడి నుంచి చేత్తో రెండు వైపులా ఆనించి నేరుగా తియ్యి, వంకరగా తీస్తే సీల్ పెదవి కోసుకుపోతుంది. ఎడమ, కుడి రెండు షాఫ్టులూ ఒకేసారి బయటికి తియ్యకు, కొన్ని గేర్ బాక్సుల్లో లోపలి చిన్న గేర్లు పక్కకు జారి, మళ్లీ వరసకు తేవడం పెద్ద తలనొప్పి. నీది మారుతి కాబట్టి ఇది. ఫోక్స్‌వాగన్ పోలో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ కారులో లోపలి చివర గేర్ బాక్సులోకి దూరదు, ఫ్లాంజికి 12 కోణాల బోల్టులతో బిగించి ఉంటుంది. దానికి తగ్గ బిట్టు లేకుండా మొదలుపెట్టకండి, తలలు గుండ్రంగా అరిగిపోతాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా మారుతి జెన్ కారు షాఫ్ట్ విప్పి, జాయింటు కోసం బయల్దేరబోతుంటే పక్క ఫ్లాట్ పెద్దాయన వచ్చి, "బాబూ, మా కారు బయటికి తియ్యాలి, ఆస్పత్రికి పోవాలి" అన్నాడు. నాకు వేరే ఆలోచన రాలేదు. చక్రం బిగించి, షాఫ్ట్ లేకుండానే కారును నాలుగైదు మీటర్లు తోశాం. ఆయన సమయానికి వెళ్లాడు, అది మంచిదే. నెల తిరగకముందే ఆ చక్రం దగ్గర మోత మొదలైంది. వీల్ బేరింగును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టేది షాఫ్ట్ మీద బిగించిన నట్టే. అది లేకుండా కారు బరువు చక్రం మీద పడి దొర్లితే బేరింగు లోపలి రింగులు విడిపోయి గోళీలు దెబ్బతింటాయి. ఆ తప్పు నీకు వద్దు. కారు జరపక తప్పదనిపిస్తే పాత జాయింటు కాడను హబ్బులో (చక్రం బిగించే మధ్య భాగంలో) దూర్చి నట్టు పూర్తి టార్కుకు బిగించి, తర్వాతే చక్రం నేల మీద పెట్టు. ఇంకా మంచిది, ముందు రోజే పక్కవాళ్లతో మాట్లాడి, రోజంతా ఎవరి దారికీ అడ్డం రాని చోట కారు పెట్టుకో.

కొత్త జాయింటు వెయ్యడానికి పాత షాఫ్ట్‌ను బెంచి వైస్‌లో పట్టి, బూట్ కోసి, ఇత్తడి ముక్కను లోపలి రింగు మీద పెట్టి ఒకే గట్టి దెబ్బ వేస్తే వీల్ సైడ్ జాయింటు ఊడి వస్తుంది. ముందుగా కొత్త బూట్‌ను కడ్డీ మీదికి ఎక్కించడం మర్చిపోవద్దు, జాయింటు బిగించాక బూట్ ఎక్కదు. గ్రీజులో సగం జాయింటులోకి వేళ్లతో కూరి, మిగతాది బూట్‌లో వెయ్యి. పెద్ద క్లిప్పు బిగించే ముందు సన్నటి స్క్రూడ్రైవర్ బూట్ పెదవి కిందికి దూర్చి లోపలి గాలి వదిలెయ్, లేకపోతే మడతలు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి. క్లిప్పుకు బదులు ప్లాస్టిక్ ట్యాగులు వెయ్యొద్దు. వేడికి వదులై మళ్లీ గ్రీజు పోతుంది.

పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీసి, కొత్త సీల్ పెదవికి గేర్ ఆయిల్ రాసి, పాత సీల్ ఎంత లోతులో ఉండేదో అంతే లోతుకు నేరుగా దిగేలా కొట్టు. డిఫ్ సైడ్ చివర కొత్త లాక్ రింగు వేసి, కొంచెం గ్రీజు రాసి, దాని తెరిచిన మూతి కిందికి వచ్చేలా పెట్టి లోపలికి తొయ్యి. పళ్లు కలిసేదాకా షాఫ్ట్‌ను మెల్లగా తిప్పు. కలిశాక ఒక్కసారి గట్టిగా తోస్తే చేతికి ఒక చిన్న టక్ తెలుస్తుంది, చెవికి కంటే చేతికే ఎక్కువ. తర్వాత గిన్నె పట్టుకుని, కడ్డీ కాదు, బయటికి లాగి చూడు. రాకూడదు. వస్తే రింగు గాడిలో కూర్చోలేదు, మళ్లీ చెయ్యి. ఈ పరీక్ష చెయ్యకుండా మిగతాది బిగించిన కార్లలో ఒక మలుపులో షాఫ్ట్ జారి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది.

మిగతాది విప్పినదానికి తలకిందులు, దాని మీద ఎక్కువ చెప్పను. బాల్ జాయింటు బోల్టు మాత్రం కాడ మీది గాడిలోంచి పూర్తిగా దూరిందో లేదో చూసుకో, టైరాడ్‌కు కొత్త పిన్ను వెయ్యి. ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే, మారుతి మాన్యువల్ గేర్ బాక్సుకు 75డబ్ల్యూ-80 జీఎల్-4 తరహా. కారు సమంగా నిలబెట్టి, ఫిల్లర్ కన్నం అంచు నుంచి సన్నగా కారేదాకా పొయ్యి.

చివరగా యాక్సిల్ నట్టు. దీన్ని "బాగా బిగించాను" అనే లెక్క మీద వదిలెయ్యకు. చిన్న కార్లలో ఇది సుమారు 175 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, నీ కారు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసి దాని ప్రకారమే బిగించు. 200 న్యూటన్ మీటర్లంటే ఎంతో చెప్పాలంటే, మీటరు పొడుగు పైపు చివర ఇరవై కిలోల బియ్యం బస్తా వేలాడదీసినంత బలం. తక్కువైతే బేరింగు పోతుంది, ఎక్కువైతే మర తెగుతుంది. చక్రం బిగించి, కారు నేల మీదికి పూర్తిగా దించకుండా టైరు నేలను కొద్దిగా తాకేలా ఉంచి, బ్రేకు తొక్కించి టార్క్ రెంచ్‌తో బిగించు. అయ్యాక నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి గుద్దు. పాత నట్టు మళ్లీ వాడితే నొక్కిన చోటే మళ్లీ నొక్కాల్సి వస్తుంది, లోహం అలసి పగులుతుంది. కొత్తది కొనమన్నది అందుకే. చక్రం నట్లు కూడా టార్కుతోనే, చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 మధ్య.

మొదట సెల్లార్‌లోనే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ముందుకూ వెనక్కూ నడుపు, తర్వాత నాకు చెప్పిన ఆ తార్నాక యూటర్న్‌కే తీసుకెళ్లి అద్దం దించి విను. ఇంటికొచ్చి కింద పాత అట్టముక్క పరిచి రాత్రంతా వదిలెయ్. పొద్దున గేర్ బాక్సు దగ్గర ఒక్క చుక్క ఉన్నా సీల్ మళ్లీ చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి రెంచ్‌తో సరిచూడు, బూట్ క్లిప్పుల చుట్టూ గ్రీజు తడి ఉందేమో చూడు. టైరాడ్ విప్పి బిగించాం కానీ దాని పొడవు మార్చలేదు కాబట్టి అలైన్‌మెంట్ మారకూడదు. స్టీరింగ్ మధ్యలో లేదనిపిస్తే మాత్రం చేయించుకో.

కుడి వైపు మాట మిగిలింది. కారు ఎత్తిన రోజే ఆ బూట్ మడతలు కూడా విడదీసి చూడు. పగుళ్లు కనిపించి గ్రీజు ఇంకా లోపలే ఉంటే అది బూట్ కిట్‌తో అయిపోయే పని, ఎడమది మారిన తర్వాత వచ్చే నెల చెయ్యి. మడతల ఫోటో తీసి పెట్టు, ఏది ముందు చెయ్యాలో చూసి చెప్తాను.